నూట పదిహేడో పొట్లం

మా నాయినకు అన్న, మా పెద్దబాపు సారయ్య మట్టిని నాలుక మీద వేసుకుని చూసేవాడు. చిటికెడు తీసి అరచేతిలో నలిపి, ఒక నీటి చుక్క కలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పటికీ తేలకపోతే నాలుకకు అద్దుకుని, పక్కకు ఉమ్మేసి చెప్పేవాడు: "గిది చెరువు మన్నే. అలుగు పక్కది. తోలి రెండేండ్లయితది." ఆ మాట తప్పడం నేను చూడలేదు.

చిన్నప్పుడు అది నాకు గొప్ప విద్యలా ఉండేది. ఇంటర్ తప్పాక జనగామ గ్రంథాలయంలో తలుపులు మూసేదాకా కూర్చుని చేతికందిన పుస్తకమల్లా చదివాను. ఆ పుస్తకాల్లో మట్టిని రుచి చూసే మనిషి ఎక్కడా కనిపించలేదు. కనిపించలేదు కాబట్టి అలాంటి మనిషి గురించి రాయడానికేమీ లేదనుకున్నాను. మా ఇంట్లో మన్ను తినేవాడు ఒకడున్నాడని బయట ఎవరికీ తెలియకూడదనుకున్నాను. ఇప్పుడు ఆయన గురించి రాస్తున్నది ప్రేమ పొంగి కాదు. ఆయనకు నేనొక అన్యాయం చేశాను. అది చెప్పాలంటే ముందు ఆయన్ను చెప్పాలి.

ఆయనది మట్టి బండి. మాది రఘునాథపల్లి. ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున పేరుకున్న ఒండ్రును తవ్వి, బండ్ల మీద తోలి మెట్ట చెలకల్లో పోస్తారు. ఇంకొకటి పాటిమన్ను. ఎప్పుడో కలరాకో కరువుకో జనం వదిలిపోయిన పాత ఊళ్ళు మా వైపు దిబ్బలుగా మిగిలాయి. వాటిని పాటిగడ్డలంటారు. వందేళ్ళ బూడిద, పెండ, ఎముకలు, పెంకులు కలిసి కుళ్ళిన ఆ మట్టిని మించిన ఎరువు లేదని రైతులు దాన్నీ తవ్వి చేన్లకు తోలుకుంటారు. అందుకే మా దగ్గర చేను ఒక చోట ఉంటుంది, దాని మన్ను ఇంకో చోటిది. ఏ చేనికి ఎక్కడి మన్ను ఎప్పుడు చేరిందో మా పెద్దబాపుకు నోటికి వచ్చు. ఆయన చదివిన చదువు అదొక్కటే.

అరవై తొమ్మిదిలో నాకు ఎనిమిదేళ్ళు. మా నాయిన అప్పటికే పోయాడు. మన నౌకర్లు మనకే కావాలన్న ఆ ఏటి తెలంగాణ ఉద్యమంలో హైదరాబాద్ రోడ్డు మీద బస్సులు ఆపాలన్నప్పుడు మా ఊరి పిల్లగాళ్ళు రాళ్ళు అడ్డం పెట్టారు. రాళ్ళు పోలీసులు తీసేశారు. పెద్దబాపు ఎడ్లను విప్పి ఇంటికి తోలి, మట్టితో నింపిన బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపి, దాని నొగల మీద కూర్చున్నాడు. మట్టి బండిని ఎత్తి పక్కన పెట్టడం ఎవరి తరమూ కాలేదు. లాఠీ ఆయన ఎడమ మణికట్టు మీద పడింది. అది సరిగ్గా అతుక్కోలేదు. ఈనాటికీ ఆ చేయి తట్ట అంచును పూర్తిగా పట్టలేదు.

"నౌకరి నీకొస్తదా పెద్దబాపూ?" అని అడిగానట నేను, ఆ కట్టు చూసి.

"నాకెందుకొస్తది బిడ్డా, నాకు సంతకమే రాదు. నీకొస్తది."

ఈ మాట పెద్దమ్మ కట్టమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడం కూడా ఒక అదృష్టమే అనుకునేవాణ్ణి.

పోలీసులు ఊళ్ళో వెతకడం మొదలుపెట్టాక ఆయన పెద్దమ్మను తీసుకుని ఆమె పుట్టింటికి, చిట్యాల వైపు వెళ్ళిపోయాడు. అక్కడే పదేళ్ళు మట్టి తోలాడు. చిట్యాల నుంచి భూపాలపల్లి అడవి అంచుదాకా ఆయన బండి తిరగని చేను లేదు. ప్రతి పంటకూ మా అమ్మకు జొన్నల మూట వచ్చేది. నేను ఇంటర్ చదివిన పుస్తకాలు ఆ మూటల్లోంచి వచ్చినవే. డెబ్బై తొమ్మిదిలో తిరిగి వచ్చాక అందరం ఒకే ఇంట్లో ఉన్నాం.

నాకు పని దొరికింది ఎనభై ఐదు చివర్లో. హైదరాబాద్‌లో మందులు కనిపెట్టే ఒక చిన్న ప్రయోగశాల. అందులో నేను మట్టి నమూనాలు తెచ్చే టెంపరరీ మనిషిని. చెంచాడు మట్టిలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. వాటిలో కొన్ని పక్కవాటిని దగ్గరకు రానీయకుండా రకరకాల పదార్థాలు తయారు చేస్తాయి. మనకు తెలిసిన మందుల్లో ఎన్నో అలా మట్టిలోంచి వచ్చినవే. వానకు తడిసిన నేల వాసన కూడా ఆ జాతి జీవుల్లో కొన్నిటిదేనట. ఇది చదివినప్పుడు మా పెద్దబాపు ముక్కు గుర్తొచ్చింది. వెంటనే మరిచిపోయాను.

ఆ ప్రయోగశాల వెతుకుతున్నది ఒక ప్రత్యేకమైన పదార్థం. మనం తిన్న నూనె, నెయ్యి, మాంసంలోని కొవ్వు పేగులో అరగాలంటే దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి పని చేయాలి. దాని పేరు లైపేజ్. ఆ ఎంజైమ్‌ను పట్టి ఆపే పదార్థం ఏ సూక్ష్మజీవైనా తయారు చేస్తుందా అని చూస్తున్నారు. అది ఆగితే కొవ్వు ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. లావెక్కిన వాళ్ళకు, గుండె జబ్బుల వాళ్ళకు మందవుతుంది.

నాకిచ్చిన పని మూడు నెలల్లో రెండు వందల పొట్లాలు. జనగామ నుంచి మానుకోట, గార్ల, ఇటు చిట్యాల, భూపాలపల్లి దాకా తిరగాలి. పైమట్టి తీసేసి, జానెడు లోతు తవ్వి, శుభ్రమైన చెంచాతో పాలిథీన్ కవరులో వేసి, ఫారం మీద ఊరు, చేను, పంట, తేదీ రాయాలి. తెచ్చినవాడే తవ్వాలి. ఇతరుల చేత తెప్పిస్తే పని తీసేస్తామని సూపర్‌వైజర్ మొదటి రోజే చెప్పాడు. బాగా చేస్తే పర్మనెంట్ చేస్తామని కూడా అన్నాడు.

పద్దెనిమిది పొట్లాలకు నా ఉత్సాహం అయిపోయింది. బస్సు దిగి నాలుగు మైళ్ళు నడిచి ఎవరి చేనులోనో వంగి మట్టి తవ్వుతుంటే కైకిలికొచ్చిన కూలి ఆడవాళ్ళు నవ్వారు. "ఏం పోయింది తమ్మీ, ఉంగురమా?" అని ఒకామె అడిగింది. ఇంత చదివింది దీనికా అని నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి గోడకు చేరగిలబడితే పెద్దబాపు కవర్లను తిప్పి తిప్పి చూశాడు.

"గింత మన్ను ఏం జేస్తరు?"

నేను గొప్పగా వివరించాను. తిన్న కొవ్వు అరగకుండా చేసే పదార్థం కోసమని చెప్పాను.

"అరగకుంట చేసుడేంది?" అంది పెద్దమ్మ. "కూరల చెంచాడు నూనె పోసిన్నాడు మనకు పండుగ. తిన్నది ఒంటికి పట్టద్దంటే తినుడెందుకు?"

"తినేటోళ్ళు ఉంటరే," అన్నాడు పెద్దబాపు. "ఎడ్ల మూతికి చిక్కం గడ్తం గద కట్టమ్మా, కల్లంల తొక్కిచ్చేటప్పుడు. వడ్లు ముంగటనే ఉంటయి, నోరు మాత్రం అందది. గసొంటిదే గిది. పురుగు ఏమో గా అరిగిచ్చే దాని మూతికి చిక్కం గడ్తది. అంతేనా బిడ్డా?"

అంతే. నేను మూడు పుస్తకాలు చదివి చెప్పలేకపోయిన మాట అది.

మర్నాటి నుంచి మిగిలిన పొట్లాలు ఆయన తెచ్చాడు. అడిగింది నేను. "నాకు అడవి తోవలు తెల్వయి, నీకు తెలుసు" అన్నాను. బస్సు మీద, నడిచి, తెలిసినవాళ్ళ బండ్లెక్కి, గార్ల దాకా, భూపాలపల్లి అడవి దాకా పోయి తెచ్చాడు. చదువు రాదు కాబట్టి ఒక్కో కవరుకు ఒక్కో ఆకు కట్టేవాడు. ఆ చేను గట్టు మీద మోదుగుంటే మోదుగాకు, ఇప్ప ఉంటే ఇప్పాకు, తునికి, మద్ది, ఏదీ లేకపోతే గడ్డిపోచ రెండు ముడులు. ఇంటికొచ్చి ఆకు పట్టుకుని చెబుతుంటే నేను ఫారం నింపేవాణ్ణి.

నూట పదిహేడోదానికి తునికాకు కట్టి ఉంది.

"గిది శ్రీపాల్ పటేల్ మిరప చేను, చిట్యాల అవుతల. కని బిడ్డా, మన్ను ఆడిది గాదు. గది పాటి..."

"చేను పేరు చాలు పెద్దబాపూ."

"జర ఇను. గా మన్ను ఏడికెళ్ళి..."

"దానికి ఫారంల జాగా లేదు," అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే అలాంటి గడి లేదు. చేను మట్టి చేనుదే అనుకున్నవాళ్ళెవరో ఆ ఫారం తయారు చేశారు. మా ఊళ్ళో పుట్టి, మట్టి బండి మీద పెరిగిన నాకైనా తెలిసి ఉండాల్సింది. నేను శ్రీపాల్ చేను అని రాసి తర్వాతి ఆకు అందుకున్నాను.

ఎనభై ఆరు వానకాలంలో నన్ను ప్రయోగశాల లోపలికి పిలిచారు. పిలిచింది సునంద గారు. ఆమెది గుంటూరు వైపు, ఆ పరీక్షలన్నీ చేసే శాస్త్రవేత్త. గాజు పళ్ళెంలో గట్టిపడిన జెల్లీ, అందులో సన్నగా చెదిరిన నూనె. అందుకే పాలలా తెల్లగా ఉంటుంది. పైన ఎంజైమ్ పోస్తే అది నూనెను తినేసి పళ్ళెం అద్దంలా తేరుకుంటుంది. ఆమె చూపిన పళ్ళెం అంతా తేరుకుంది, ఒక్క చోట తప్ప. అక్కడ బూడిద రంగు చుక్క చుట్టూ నాలుగణాల బిళ్ళంత తెలుపు అలాగే నిలిచింది.

"ఇక్కడ ఎంజైమ్ పని చేయలేదు. ఈ చుక్క దాన్ని ఆపింది," అన్నారు ఆమె. "మీ నూట పదిహేడు."

"ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టండి," అన్నాను నేను.

ఆమె తలెత్తి నన్ను చూశారు. "చాలా బాగా చెప్పారు. నేనిది మా మీటింగులో వాడుకోవచ్చా?"

వాడుకోండి అన్నాను. పెద్దబాపు మాట నా నోట్లో ఎంత హాయిగా ఇమిడిపోయిందో నాకే ఆశ్చర్యం. ఆ రోజుల్లో నేను అక్కడ పుస్తకాల తెలుగే మాట్లాడేవాణ్ణి. ఏంది అనకుండా ఏమిటి అనేవాణ్ణి. లోపల మా ఊరి మాట వస్తుంటే దాన్ని నమిలి మింగి, ఇంకో మాట బయటికి తెచ్చేవాణ్ణి. సూపర్‌వైజర్ కూడా "నువ్వు ఈ ప్రాంతం వాడిలా ఉండవయ్యా" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు కడుపు నిండింది నాకు.

ఏడాది తిరగక ముందే ఆ సూక్ష్మజీవి మొండికేసింది. ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి మార్చి పెంచుతుంటే కొన్ని అలా తమ పని మానేస్తాయట. చుక్క పెరుగుతోంది కానీ చుట్టూ తెలుపు నిలవడం లేదు. మళ్ళీ ఆ చేను మట్టే కావాలన్నారు. ఎనభై ఏడు జనవరిలో జీపు చిట్యాల వెళ్ళాలని తేలింది. దొరికితే నా పర్మనెంట్ కాగితం మీద సంతకం అవుతుందని సూపర్‌వైజర్ నా భుజం తట్టాడు.

ఇంట్లో ఆ సంగతి చెప్పాను. పెద్దబాపు తింటున్న వాడు ఆగాడు.

"గాడ ఏడవడితె ఆడ తవ్వితె దొరకది బిడ్డా, గా మన్ను ఏ మూలకో ఇంత మిగిలింది. నేను అప్పుడే..."

"సైంటిస్టులు వస్తుండ్రు. వాళ్ళకు తెల్వదా?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. చేయి కడుక్కున్నాడు.

శ్రీపాల్ మాకు చేను చూపించి పని మీద పరకాల పోయాడు. సునంద గారు, సూపర్‌వైజర్, డ్రైవరు, నేను. మిరప చెట్ల మధ్య పదో గుంట తవ్వుతుండగా గట్టు మీద ఒక మనిషి కనిపించాడు. తలకు తువ్వాల, మోకాళ్ళ పైకి పంచె, చంకలో సద్దిమూట. రాత్రంతా తనలో తాను నలిగి, తెల్లారి మొదటి బస్సెక్కి వచ్చినట్టున్నాడు. గట్టు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"గీడ తవ్వితె ఏమొస్తది? గీ మన్ను గీడిది గాదు. ఏడికెళ్ళి తెచ్చిందో నేను జెప్త, జర ఆగుండ్రి."

సూపర్‌వైజర్ నడుం నిటారు చేసి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "గీడ, గాడ, ఏడికెళ్ళి," అని అదే యాసలో సాగదీశాడు. "సినిమాలో కామెడీ వేషగాడిలా ఉన్నాడే. ఎవరయ్యా ఇతను?"

డ్రైవరు నవ్వాడు. అడిగింది నన్ను.

నాకు చాలినంత సమయం ఉంది. ఆ సమయం గురించే ఇదంతా రాస్తున్నాను. ఎవరో వెనక నుంచి తోసినట్టు ఆ మాట జారిందని చెప్పుకుందామని ఎన్నోసార్లు చూశాను. జారలేదు. తెచ్చినవాడే తవ్వాలన్న షరతు గుర్తొచ్చింది. కాగితం గుర్తొచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా ఆ యాస నాది కూడా అని తెలిసిపోతుందని భయమేసింది.

"ఇక్కడ మట్టి బండి తోలే మనిషి సార్," అన్నాను. "ఎక్కడ తవ్వుతున్నా వచ్చేస్తాడు." ఆయన వైపు తిరిగి, "పని జరుగుతోంది, వెళ్ళవయ్యా" అన్నాను. అని నవ్వాను కూడా.

పెద్దబాపు నన్ను చూశాడు. కోపం లేదు. ఏదైనా కొత్త మట్టి చేతికి వస్తే నలిపేముందు చూస్తాడే, అలా చూశాడు. తర్వాత తలకున్న తువ్వాల తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"అట్లనే సారు," అన్నాడు నాతో. సూపర్‌వైజర్ వైపు తిరిగి, "నేను గీ ఊరోన్నే సారు. తవ్వుతుంటే చూద్దామని వచ్చిన" అన్నాడు.

సద్దిమూట చంకలో పెట్టుకుని గట్టు ఎక్కి వెళ్ళిపోయాడు. అందులో నాకూ రొట్టెలున్నాయని పెద్దమ్మ తర్వాత చెప్పింది. మేము ఇరవై పొట్లాలు తీసుకుని వెళ్ళాం. ఒక్కదాన్లోనూ ఆ తెలుపు నిలవలేదు.

ఇంటికి వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలో దారంతా తయారు చేసుకున్నాను. ఆయన ఎడ్లకు కుడితి పెడుతున్నాడు. "వచ్చినవా సారు, కాళ్ళు కడుక్కో" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిష్ఠూరం కాదు. కొత్తగా వచ్చిన పేరుతో మనిషిని పిలిచినట్టు, మామూలుగా అన్నాడు. పెద్దమ్మ మా ఇద్దరినీ చూసి, "సారేంది?" అంది. "ఇంత పెద్ద నౌకరిల ఉన్నడు, సారుగాక ఏంది?" అన్నాడు. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అని పిలవలేదు.

మార్చిలో సునంద గారు నన్ను పిలిచారు. "ఆ రోజు ఒక పెద్దాయన వచ్చాడు కదా. మట్టి అక్కడిది కాదు అన్నాడు. నాకు అదే మెదులుతోంది. ఆయన్ను వెతికి పట్టుకోగలరా?"

వెతుకుతాను అన్నాను. మా ఇంట్లోనే ఉన్న మనిషిని వెతకడానికి నాకు రెండు రోజుల సెలవిచ్చారు.

"వస్త సారు," అన్నాడు పెద్దబాపు అడగ్గానే. "మరి నేను ఎవరినని జెప్పాలె?"

నేను బస్సు వేళ చెప్పాను. ఆయనకు ఆ జవాబు చాలింది.

చిట్యాల బస్టాండు దగ్గర సునంద గారి జీపు మమ్మల్ని ఎక్కించుకుంది. ఈసారి సూపర్‌వైజర్ రాలేదు. పెద్దబాపు వెనక సీట్లో ముడుచుకుని కూర్చుని తోవ చెప్పాడు. భూపాలపల్లి తోవలో అడవి మొదలయ్యే దగ్గర దింపి, తునికి పొదల్లోంచి నడిపించాడు. అక్కడ పాటిగడ్డ ఉండాలి. ఉన్నది ఒక గుంత. అంచున మోకాలెత్తు దిబ్బ ఒకటి, పెంకులు తేలి, మిగిలింది.

"గిదేనమ్మా. శ్రీపాల్ పటేల్ తండ్రి చేనుకు గీడికెళ్ళే తోలిన, డెబ్బై మూడుల. నేను తోలినప్పుడు తాటి చెట్టంత ఎత్తుండె. నా బండే రెండు వందల సార్లు తిరిగింది. అందరం తోలి తోలి గింత జేసినం."

సునంద గారు వంగి కాస్త మట్టి తీశారు. ఆయన అందుకుని నలిపి వాసన చూసి, నాలుకకు అద్దుకున్నాడు. "గదే," అన్నాడు. నేనూ చిటికెడు తీసి, ఆలోచించకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచి, సునంద గారు నన్ను చూడటం గమనించి చేయి దించాను.

వంకర మణికట్టుతోనే ఆయన పదకొండు గుంటలు తవ్వాడు. పొట్లాలు కట్టాక ఆమె రిజిస్టర్ నా చేతికిచ్చారు.

"చోటు చూపినవారు అని రాసి, వీరి పేరు వేయండి. మీ పేరేంటి పెద్దాయనా?"

"సారయ్య."

"ఇంటిపేరు?"

నా ఇంటిపేరు ఆమె దగ్గరున్న కాగితాలన్నిటి మీదా ఉంది. ఆయనకు చదువు రాకపోయినా ఆ సంగతి నాకంటే ముందు ఆయనకే తట్టింది. దిబ్బ మీది పెంకును కాలితో పక్కకు నెట్టాడు.

"కొలిపాక," అన్నాడు.

కొలిపాక మా పెద్దమ్మ పుట్టింటి పేరు. మా వైపు మగవాడు ప్రాణం పోయినా ఆ పని చేయడు. ఇల్లరికం పోయినవాణ్ణి కూడా తండ్రి ఇంటిపేరుతోనే పిలుస్తారు. లాఠీ దెబ్బకు లేవని మనిషి, బండి నొగల మీదినుంచి దిగని మనిషి, తన తండ్రి పేరు తీసి అక్కడ పెట్టేశాడు. నేను కలం పట్టుకుని ఉన్నాను. చెప్పవలసిందల్లా రెండు మాటలు. కొలిపాక సారయ్య అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

ఆ పదకొండు పొట్లాల్లోనూ తెలుపు నిలవలేదు. ఇంకా కొంత కాలం వెతికారు. ఈలోగా బయటి దేశంలో ఎవరో మట్టిలోని సూక్ష్మజీవి నుంచే అలాంటి పదార్థాన్ని తీశారని, దానికి లిప్‌స్టాటిన్ అని పేరు పెట్టారని ఒక పత్రికలో వచ్చింది. సునంద గారు ఆ పేజీ నాకు చూపించారు. మాది కూడా అదేనా, వేరేదా అన్నది ఇక తేలదు. ఆ పని ఆపేశారు. నన్ను మాత్రం పర్మనెంట్ చేశారు, స్టోర్ రూములో. కాగితం చేతికొచ్చిన రోజు ఆమె గదికి వెళ్ళి అంతా చెప్పాను. పద్దెనిమిది పొట్లాలు పోను మిగతావన్నీ ఆయనే తెచ్చాడని, ఆయన నా తండ్రికి అన్న అని చెప్పాను. భయపడవలసింది ఏదీ మిగలకపోయాకే చెప్పాను. అదీ రాయాలి.

ఆమె చదువుతున్న పత్రిక మూసి, అట్ట మీద వేళ్ళు ఆనించారు.

"బంధువులని అనుకున్నాను," అన్నారు. "ఇద్దరూ మట్టిని ఒకేలా పట్టుకుంటారు. కళ్ళు మూసుకుని." తర్వాత, "ఆ చిక్కం మాట కూడా ఆయనదేనా?"

"ఆయనదే."

"మొదట్లోనే చెబితే ఆయన పేరు కూడా రాసేవాళ్ళం కదండీ. పాటి మట్టి అని ఆ రోజే తెలిసేది. ఏడాది ముందే అక్కడికి వెళ్ళేవాళ్ళం, ఇంకాస్త దిబ్బ ఉండేది."

"సూపర్‌వైజర్ గారు పని తీసేస్తామన్నారండి."

"అది అందరికీ చెప్పే మాట. ఎవర్నీ తీసేయలేదు ఇంతవరకు," అన్నారు.

తిట్టినా బాగుండేది.

ఈ ఎండాకాలం ఊరికి వెళ్ళాను. చెరువు ఎండింది. పెద్దబాపు ఒండ్రు తవ్వి బండికి ఎత్తుతున్నాడు. నేను చొక్కా విప్పి తట్ట అందుకున్నాను.

"చేతులు ఖరాబైతయ్ సారు."

"సునందమ్మకు చెప్పిన పెద్దబాపూ. నువ్వెవరో చెప్పిన."

ఆయన పార ఆపాడు. "నౌకరికేమన్న అయితదా?" అన్నాడు. మొదట అడిగింది అదే.

"కాదు. పర్మనెంట్ చేసిన్రు."

"మంచిగైంది," అని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. ఇంకో మాట కోసం నేను తట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆయన నింపాడు. "ఎత్తు సారు, బరువైతె సగమే ఎత్తు" అన్నాడు. ఆ పిలుపు ఇక మారదని నాకు అర్థమైంది. ఆయన పట్టుదలతో అంటున్నది కాదు. ఆ చోట ఉన్న పాత మాట తవ్వుకుపోయింది, అంతే. తవ్విందీ నేనే.

ఆ రిజిస్టర్ హైదరాబాద్‌లో ఒక బీరువాలో ఉంది. అందులో నా అక్షరాలతో ఒక పేరు తప్పుగా ఉంది. దాన్ని దిద్దే హక్కు స్టోర్ రూము వాడికి లేదు. కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు మునిగాల సారయ్య. నా పేరు మునిగాల హన్మంత్. నేను ఆయన తమ్ముడి కొడుకును.